ట్యాంకు తీసిన గోతిలో మట్టి పరీక్ష: నరసన్నపేట దగ్గర మేము చేయించుకున్న సేవపై సమీక్ష

నరసన్నపేట దాటి టెక్కలి వైపు వెళ్ళే జాతీయ రహదారికి ఆనుకుని మా కుటుంబానికి అరవై సెంట్ల స్థలం ఉంది. మా నాన్నగారు 1993లో దాన్ని పెట్రోలు బంకుకు లీజుకు ఇచ్చారు. ముప్పై ఏళ్ళ గడువు తీరి బంకు మరో చోటికి మారిపోయాక, 2025 ఫిబ్రవరిలో భూమిలో ఉన్న రెండు ఇనుప ట్యాంకులనూ బయటికి తీశారు. డీజిలుది 15 కిలోలీటర్లు, పెట్రోలుది 10. ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవాలని మా అబ్బాయి కోరిక. అయితే స్థలానికి తూర్పు గట్టున, ట్యాంకులున్న చోటికి సుమారు నలభై మీటర్ల దూరంలో, మా తాతగారి కాలం నాటి నుయ్యి ఒకటి ఉంది. పక్కనున్న నాలుగిళ్ళ వారు ఇప్పటికీ ఆ నూతి నీళ్ళే తాగుతారు. మట్టిలో ఏముందో తెలుసుకోకుండా గోతిని పూడ్చకూడదని మేము నిర్ణయించుకోవడానికి ఇంటికంటే ఆ నుయ్యే పెద్ద కారణం.

ఈ పని చివరికి విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు పరీక్షశాల చేసి పెట్టింది. ఈ సమీక్ష వారి సేవ గురించే. కానీ అంతకు ముందు వేరొక సంస్థకు డబ్బు కట్టి, దేనికీ పనికిరాని నివేదిక ఒకటి తెచ్చుకున్నాము. ఆ సంగతి కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఈ సేవలో మనం దేనికి డబ్బు కడుతున్నామో బోధపడుతుంది. యంత్రం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా మట్టిని ఎక్కడి నుంచి, ఎలా తీశారన్న దానిలోనే ఉంది. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి. అయినా ఈ విషయం గోతి గట్టు మీద నిలబడేదాకా నాకు పూర్తిగా తెలియలేదు. రెండు సంస్థల పేర్లూ ఇక్కడ రాయడం లేదు. చదివేవారు పేరును కాక పనిని చూసి ఎంచుకోవాలన్నది నా ఉద్దేశం.

ట్యాంకులు తీసే పని గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. మిగిలిన ఇంధనాన్ని తోడేశారు, ట్యాంకులను నీటితో నింపి ఖాళీ చేశారు, ఆవిరి లేదని అర్హత గల వ్యక్తి పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చాకే క్రేను పెట్టి లేపారు. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు ఒకటిన్నర శాతం ఉంటే చాలు, నిప్పురవ్వతో అంటుకుంటుంది. ఆ జాగ్రత్తలో గుత్తేదారు ఏ లోపమూ చేయలేదు. అయితే ట్యాంకు అడుగును సుత్తితో తట్టి చూసి, "ట్యాంకుకి ఎక్కడా చిల్లు లేదండీ, మట్టికి ఏమీ కాలేదు, పూడ్చేయండి" అని అతడు చెప్పిన మాట మాత్రం తప్పు. బంకుల్లో ఇంధనం భూమిలోకి దిగేది ట్యాంకుకు చిల్లు పడినప్పుడే కాదు. పైపుల అతుకుల దగ్గర చెమ్మలాగా ఊరుతుంది. ట్యాంకరు లారీ గొట్టాన్ని, ట్యాంకులోకి ఇంధనం పోసే మూతి అయిన ఫిల్ పాయింటుకు తగిలించి విప్పిన ప్రతిసారీ అర లీటరో లీటరో ఒలుకుతుంది. వారానికి రెండు మూడు సార్లు చొప్పున ముప్పై ఏళ్ళు ఒలికితే ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు.

మా చోట మరో చిక్కు కూడా ఉంది. ట్యాంకులను పాతిపెట్టినప్పుడు వాటి చుట్టూ వంశధార ఇసుక పోశారు. ఆ ఇసుక బయట మా ఊరి ఎర్రమట్టి, దాని కింద జిగట మట్టి. ఇసుకలో నూనె నీళ్ళలాగే సులువుగా దిగిపోతుంది, జిగట మట్టి తగిలిన చోట ఆగి పక్కలకు పాకుతుంది. పైనుంచి చూస్తే ఇసుక శుభ్రంగానే కనిపిస్తుంది, అసలు మడ్డి అంతా ఇసుక, మట్టి కలిసే అంచున ఉంటుంది. పైగా పెట్రోలు, డీజిలు నీటికంటే తేలిక. అవి భూగర్భ జలం దాకా చేరితే దానిపై తేలుతాయి. మా నూతిలో మార్చి నాటికి ఇరవై అడుగుల లోతున ఉండే నీరు వానాకాలం చివరికి ఎనిమిది తొమ్మిది అడుగులకు వస్తుంది. అంటే పన్నెండు అడుగుల గోతి అడుగున ఉన్న మట్టి వేసవిలో పొడిగా ఉండి, అక్టోబరులో నానుతుంది. అందుకే వానలు మొదలు కాకముందే పరీక్ష పూర్తి కావాలని మేము తొందరపడ్డాము.

ఆ తొందరలోనే మొదటి తప్పు జరిగింది. తక్కువ ఖర్చుతో ఐదు రోజుల్లో నివేదిక ఇస్తామన్న ఒక సంస్థను పిలిచాము. మార్చి మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం వేళ ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. గోతి పక్కన మూడు వారాలుగా ఎండుతున్న మట్టి గుట్ట మీద నాలుగు చోట్ల చేత్తో తీసి, అంతా ఒక పాలిథిన్ సంచిలో వేసి కలిపి, ముడి వేసి, బండి డిక్కీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పనంతా పది నిమిషాల్లో అయిపోయింది. ఇవ్వవలసిన 18,000 రూపాయలు ఇచ్చాము. చెప్పినట్టే ఐదో రోజున నివేదిక వచ్చింది. పెట్రోలులో ఉండే బెంజీను, టాలుయీను, ఇథైల్ బెంజీను, జైలీను, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, అన్నింటికీ ఎదురుగా ఒకే మాట: "కనుగొనగల స్థాయి కంటే తక్కువ".

ఇంట్లో వారందరూ సంతోషించారు. నేను మాత్రం ఆ రాత్రి నివేదికను ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కనుగొనగల స్థాయి అంటే ఎంత అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. కిలోకు పది మిల్లీగ్రాములు ఉంటే తప్ప పట్టుకోలేని పరికరంతో చూసి బెంజీను లేదని చెప్పడం, ధాన్యం బస్తాలు తూచే కాటా మీద బంగారం పెట్టి బరువేమీ లేదని చెప్పడం లాంటిది. అంతకంటే పెద్ద విషయం, బెంజీను 80 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరిగే ద్రవం, మామూలు ఎండకే ఆవిరైపోతుంది. మూడు వారాలు ఎండిన గుట్ట నుంచి తీసి, గాలి నిండిన సంచిలో, డిక్కీ వేడిలో వంద కిలోమీటర్లు పోయిన మట్టిలో బెంజీను కనిపించకపోవడంలో వింత ఏముంది? ఆ నివేదిక సంచిలోని మట్టి గురించి నిజమే చెప్పి ఉండవచ్చు. గోతి గురించి మాత్రం అది ఏమీ చెప్పలేదు.

మరునాడు ఇంకొక సంగతి తేలింది. ఆ సంస్థకు ఎన్‌ఏబీఎల్ (పరీక్షశాలల సామర్థ్యాన్ని పరిశీలించి గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న మాట నిజమే. కానీ ఆ గుర్తింపు మొత్తం సంస్థకు కలిపి ఇచ్చేది కాదు; ఏ పదార్థంలో, ఏ అంశాన్ని, ఏ పద్ధతిలో, ఎంత పరిధిలో పరీక్షించగలరో ఒక్కొక్కటిగా రాసిన జాబితాకు ఇస్తారు. ధ్రువపత్రం సంఖ్యతో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైటులో వెదికితే ఆ జాబితా దొరుకుతుంది. వారి జాబితాలో తాగునీరు, మురుగునీరు, సిమెంటు ఉన్నాయి. మట్టిలో పెట్రోలియం హైడ్రోకార్బన్లు లేవు. మా నివేదిక మీద ఎన్‌ఏబీఎల్ ముద్ర లేకపోవడానికి కారణం అదే. ముద్ర ఎందుకు లేదని ముందే అడగవలసింది, మాకు తెలియక అడగలేదు.

ఈ లోపు పక్క పొలం పెద్దాయన ఒకరు వచ్చి, "ఏటి బాబూ, మట్టి పరీక్షకి వైజాగు ఎల్లాలా? మన యెవసాయం ఆఫీసోళ్ళు చెయ్యరేటి?" అని అడిగారు. చాలామందికి ఉన్న సందేహమే ఇది, కనుక వివరంగా చెబుతాను. వ్యవసాయ శాఖ చేసే భూసార పరీక్షలో ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఈ పన్నెండు అంశాలు ఉంటాయి. పంటకు ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పడం దాని పని. నూనె జాడలు పట్టే గ్యాస్ క్రొమటోగ్రాఫు ఆ పరీక్షలో ఉండదు. అయినా ఆ పెద్దాయన మాట వృథా పోలేదు. ఆయన పోరు పెట్టగా మా ఎర్రమట్టిని కూడా భూసార పరీక్షకు ఇచ్చాము; అందులో సేంద్రియ కర్బనం 0.38 శాతం అని వచ్చింది. ఆ ఒక్క అంకె తర్వాత మాకు ఎంత ఉపయోగపడిందో కింద చెబుతాను.

విశాఖపట్నంలోని పరీక్షశాలకు ఫోను చేసినప్పుడు వారు ధర చెప్పడానికి ముందు ప్రశ్నలు అడిగారు. ట్యాంకులు ఎన్ని, ఏ ఇంధనం, ఏ సంవత్సరంలో పాతారు, ఫిల్ పాయింటు ఏ వైపు, పంపులు ఎక్కడ, పైపు ఎటు వెళ్ళింది, నుయ్యి ఎంత దూరం, గోతిలో నీరు ఉందా. 1993 అనగానే సీసం కూడా చూద్దామన్నారు. మన దేశంలో 2000 సంవత్సరం దాకా సీసం కలిపిన పెట్రోలు అమ్మేవారు గనుక, అంతకు ముందు నుంచి ఉన్న ట్యాంకుల కింద దాన్ని చూడటం అవసరమే. ఈ ప్రశ్నలు విన్నప్పుడే వీరికి పని తెలుసునని నాకు నమ్మకం కలిగింది. గోతి పటం ఒకటి గీసి పంపమన్నారు, పంపాను. దాని మీద నమూనాలు తీసే చోట్లను గుర్తించి, మరునాడు తిరిగి పంపారు: ఒక్కొక్క ట్యాంకు రెండు కొసల కింద ఒక్కొక్కటి, గోతి నాలుగు గోడల నుంచి నాలుగు, పంపు ఉన్న చోట ఒకటి, పైపు మలుపు దగ్గర ఒకటి, తవ్విపోసిన గుట్ట లోపలి నుంచి రెండు, మొత్తం పన్నెండు, వీటిలో ఒకదానికి జంట నమూనా (సరిచూసుకోవడానికి అదే చోట తీసే రెండో నమూనా), ఇవి కాక నూతి నీరు.

మార్చి మూడో వారంలో ఉదయం ఏడు గంటలకే ఇద్దరు వచ్చారు. ఒక రసాయనవేత్త, ఆమె చెప్పుచేతల్లో పనిచేసే ఒక అబ్బాయి. ఎండ ముదిరేలోగా పని ముగించాలని తెల్లవారుజామునే బయలుదేరామని ఆమె అన్నారు. మొట్టమొదట ఆమె చేసిన పని గోతిలోకి ఎవరూ దిగకూడదని చెప్పడం. పన్నెండు అడుగుల నిట్టనిలువు గోడలు ఎప్పుడైనా విరిగిపడవచ్చు, గాలికంటే బరువైన ఆవిరి అడుగున పేరుకుని ఉండవచ్చు. పొక్లెయిన్‌తో గోడను ఒక అడుగు మందాన చెక్కించి, బొచ్చెను పైకి తెప్పించి, బొచ్చె ఇనుముకు తగలని నడిమి మట్టిలోంచి మాత్రమే ఆమె నమూనా తీశారు. పాత గోడ పైపొర గాలికి ఆరిపోయి ఉంటుందని, అందుకే చెక్కించానని చెప్పారు. గోతి అడుగున కూడా ట్యాంకు కింద పరిచిన ఇసుకను పక్కకు తీయించి, దాని కింది అసలు మట్టిలో అడుగు లోతుకు పోయాకే తీశారు. ప్రతి నమూనాకూ చేతి తొడుగులు మార్చారు.

అక్కడికక్కడ చూడటానికి వారి దగ్గర చేతిలో పట్టుకునే పీఐడీ పరికరం ఒకటి ఉంది. జిప్పు సంచిలో సగం దాకా మట్టి వేసి, మూసి, చిదిపి, నీడలో పది నిమిషాలు ఉంచి, సంచి మూలకు చిన్న రంధ్రం చేసి పరికరం ముక్కును దూరుస్తారు. మట్టి విడిచిన ఆవిరి ఎంత ఉందో అంకె చూపుతుంది. పడమటి గోడ దగ్గర 3, ఉత్తరం గోడ దగ్గర 2, దక్షిణం 5. తూర్పు గోడ దగ్గర 340. ఆ పరికరం ఏ పదార్థం ఉందో చెప్పలేదని, డీజిలు త్వరగా ఆవిరి కాదు గనుక దాన్ని తక్కువ చేసి చూపుతుందని, గాలిలో తేమ ఎక్కువైతే అంకె అటూ ఇటూ ఊగుతుందని ఆమె నాకు ముందే హెచ్చరించారు. అయినా ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది తెలియడానికి అది చాలు. తూర్పు గోడ నమూనాను ఎక్కడో ఒక చోట తీసి సరిపెట్టకుండా, 340 చూపిన చోటినే వెదికి తీసింది ఆ అంకె వల్లనే.

తూర్పు గోడ మట్టి పెళ్ళ ఒకదాన్ని ఆమె విరిచి నాకు చూపించారు. పైకి మామూలు ఎర్రమట్టే. విరిచిన లోపల మాత్రం ఎరుపు పోయి, బూడిద రంగులో పచ్చ కలిసినట్టుగా ఉంది, మధ్యలో నల్లటి చారలు ఉన్నాయి, కిరోసిన్ దీపం ఆర్పినప్పటి వాసన వచ్చింది. నూనెను తినే సూక్ష్మజీవులు మట్టిలోని ప్రాణవాయువును వాడేసుకోవడం వల్ల, ఎర్రమట్టికి ఆ రంగునిచ్చే ఇనుము రూపం మారి మట్టి వెలిసిపోతుంది. పిల్లలకు ఆక్సీకరణం, క్షయకరణం గురించి ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను గానీ, మా సొంత స్థలంలో అరచేతి వెడల్పు పెళ్ళలో దాన్ని చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. మొదట వచ్చిన కుర్రవాడు ఈ గోడను కన్నెత్తి కూడా చూడలేదు.

నమూనా తీసే పద్ధతిని దగ్గర నుంచి చూశాను. కొస కోసేసిన ప్లాస్టిక్ సిరంజిని తాజా మట్టిలోకి గుచ్చి, ఐదు గ్రాముల మట్టిని కడ్డీలాగా లాగి, ముందే తూచి మెథనాలు పోసి తెచ్చిన చిన్న గాజు సీసాలోకి క్షణాల్లో నెట్టేస్తారు. బెంజీను వంటివి మెథనాలులో కరిగి అక్కడే ఆగిపోతాయి, గాలిలోకి పోవు. సీసా మెడ మీద ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా మూత బిగుసుకోదని, ఆ అబ్బాయి ప్రతిసారీ అంచును శుభ్రమైన గుడ్డతో తుడిచి, మూత బిగించి, సీసాను చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు. డీజిలు కోసం వేరే గాజు సీసాలో మట్టిని అంచు దాకా, గాలికి చోటు లేకుండా కూరారు. సీసాల మీద తేదీ, సమయం, లోతు, చోటు రాసి మంచు పెట్టెలో పెట్టారు. మట్టి వేయని మెథనాలు సీసా ఒకటి కూడా అదే పెట్టెలో పెట్టారు. దారిలో ఎక్కడైనా పెట్రోలు ఆవిరి సీసాల్లోకి చేరి ఉంటే ఆ సీసా పట్టిస్తుందన్నమాట. చివరికి నమూనాలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాయో రాసే పత్రం మీద నా చేత కూడా సంతకం చేయించారు. సాయంత్రం పరీక్షశాలలో పెట్టె తెరిచేసరికి లోపల 5.2 డిగ్రీలు ఉందని ఆ పత్రం మీదనే రాసి, నకలు పంపారు.

ఖర్చు సంగతికి వస్తే, ఒక రోజు రాకపోకలకు, నమూనాలు తీసినందుకు 12,000, జంట నమూనాతో కలిపి పదమూడు మట్టి నమూనాలకు ఒక్కొక్కదానికి 5,000 చొప్పున 65,000, నూతి నీటికి 7,000, మొత్తం 84,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 99,120 అయ్యింది. పొక్లెయిన్ అద్దె మాదే. చిన్న మొత్తం కాదు. కానీ ముందు కట్టిన 18,000తో వచ్చినది ఏమీ లేదు గనుక, నా లెక్కలో అదే ఎక్కువ ఖరీదు.

ఇక ఈ సేవలో లోపాలు. నివేదిక పది పనిదినాల్లో ఇస్తామని రాతపూర్వకంగా చెప్పి, పంతొమ్మిదో రోజున ఇచ్చారు. ఫోను చేస్తే రేపు, ఎల్లుండి అన్నారే తప్ప కారణం చెప్పలేదు. ఆ రోజులన్నీ పన్నెండు అడుగుల గొయ్యి తెరిచే ఉంది. చుట్టూ సరుగుడు కర్రలు పాతి, వల కట్టి, రాత్రి పూట ఒక మనిషిని కాపలా పెట్టవలసి వచ్చింది, ఎందుకంటే పక్క ఇళ్ళ పిల్లలు ఆడుకునేది అక్కడే. ఏప్రిల్ మొదట్లో అకాల వర్షం పడి గోతిలో మోకాలి లోతు నీరు చేరింది. నీటి మీద రంగురంగుల తెట్టు తేలింది. ఆ నీటిని పొలం కాలువలోకి వదలడానికి వీల్లేదు; పీపాల్లోకి తోడి దాచవలసి వచ్చింది. చెప్పిన రోజుకు నివేదిక ఇచ్చి ఉంటే ఆ ఖర్చూ, ఆ ఆదుర్దా తప్పేవి. ఈ విషయంలో వారిని నేను సమర్థించలేను.

నివేదిక మాత్రం చదవడానికి తగినట్టుగా ఉంది. ప్రతి అంశానికీ పద్ధతి, కనుగొనగల పరిమితి, పొడి మట్టి బరువు మీద కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు అన్నది వేరువేరు గడుల్లో ఇచ్చారు. డీజిలు శ్రేణి హైడ్రోకార్బన్లు తూర్పు గోడలో 7,450, దాని జంట నమూనాలో 6,900. డీజిలు ట్యాంకు తూర్పు కొస కింద 1,620. పంపు కింద 310. పెట్రోలు ట్యాంకు కింద 85, 60. గుట్ట లోపల 190, 140. తక్కినవన్నీ 25 లోపు. జంట నమూనాల మధ్య ఆ మాత్రం తేడా మట్టిలో సహజమే, అవి అంత దగ్గరగా రావడం పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తు. బెంజీను పెట్రోలు ట్యాంకు కొస కింద 0.09, మిగతా చోట్ల 0.05 కంటే తక్కువ. జైలీను తూర్పు గోడలో 2.4. సీసం అన్ని చోట్లా 19 నుంచి 26 మధ్యనే ఉంది, అంటే మట్టిలో మామూలుగా ఉండేదే. మట్టి వేయని సీసాలో ఏమీ లేదు. నూతి నీటిలో ఖనిజ తైలం (డీజిలు వంటి నూనె) లీటరుకు 0.1 మిల్లీగ్రాము కంటే తక్కువ. తాగునీటికి మన భారతీయ ప్రమాణం 10500 అనుమతించే గరిష్ఠ పరిమాణం 0.5. బెంజీను 0.001 కంటే తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ 0.01. ఆ రెండు అంకెలు చదివాక పక్కిళ్ళ వారి దగ్గరికి నేనే నడిచి వెళ్ళి చెప్పి వచ్చాను.

చిక్కు వచ్చింది పోలిక దగ్గర. ఇటువంటి మట్టి ఫలితాలను నెదర్లాండ్స్ ప్రభుత్వ ప్రమాణాలతో పోల్చడం మన పరీక్షశాలల్లో వాడుక. ఆ ప్రమాణాల ప్రకారం చర్య తీసుకోవలసిన విలువ ఖనిజ తైలానికి కిలోకు 5,000 మిల్లీగ్రాములు, బెంజీనుకు 1.1, జైలీనుకు 17. మా నివేదికలో తూర్పు గోడ ఒక్కటే పరిమితి దాటిందని, ట్యాంకు కొస కింది 1,620 పరిమితిలోనే ఉందని రాశారు. కానీ ఆ 5,000 అన్నది పది శాతం సేంద్రియ పదార్థం ఉన్న మట్టికి చెప్పిన అంకె. సేంద్రియ పదార్థం నూనెను పట్టి ఉంచుతుంది. అది తక్కువగా ఉన్న మట్టిలో అదే నూనె తేలికగా నీటిలోకి జారిపోతుంది. అందుకే మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని బట్టి విలువను తగ్గించుకోవాలని ఆ ప్రమాణాల్లోనే ఉంది, శాతం రెండు కంటే తక్కువైతే రెండుగా తీసుకోవాలి. మా భూసార పరీక్షలో వచ్చిన కర్బనం 0.38ని 1.724తో గుణిస్తే సేంద్రియ పదార్థం 0.66 శాతం. అంటే రెండుగానే తీసుకోవాలి. అప్పుడు ఖనిజ తైలం పరిమితి 5,000 కాదు, 1,000. జైలీనుకు 3.4, బెంజీనుకు 0.22. ఈ లెక్కన ట్యాంకు కొస కింది 1,620 పరిమితి దాటినట్టే.

ఈ లెక్కను రాసి, భూసార పత్రం నకలు జత చేసి పరీక్షశాలకు పంపాను. కోస్తా జిల్లాల ఎర్రమట్టిలో సేంద్రియ పదార్థం తక్కువని తెలిసి కూడా, సవరణ చేయకుండా అంకెను యథాతథంగా వాడటం ఇంత అనుభవమున్న పరీక్షశాలకు తగదని కూడా రాశాను. ఇక్కడ వారిని మెచ్చుకోవాలి. మూడో రోజున ఆ రసాయనవేత్త స్వయంగా ఫోను చేసి, "మీరు చెప్పింది సరైనదే సార్, మేము సవరించి ఇవ్వవలసింది" అని ఒప్పుకున్నారు. అదనపు రుసుము ఏమీ లేకుండా సవరించిన నివేదిక ఇచ్చారు. పాత నివేదికను రద్దు చేసినట్టు దాని మీదనే రాశారు. తప్పును ఒప్పుకుని కాగితం మీద దిద్దే సంస్థలను నేను ఎక్కువగా చూడలేదు.

సవరించిన నివేదిక ప్రకారం తూర్పు వైపు మరో నాలుగు అడుగులు, ట్యాంకు కొస కింద మరో రెండు అడుగులు తవ్వించాము. తవ్వుతున్నప్పుడు నల్లని చారలు ఫిల్ పాయింటు కిందుగా మొదలై వాలుగా దిగడం స్పష్టంగా కనిపించింది. ట్యాంకుకు నిజంగానే చిల్లు లేదు, ముప్పై ఏళ్ళ ఒలుకుడే ఇదంతా. ఆ మట్టిని ఐదు టిప్పర్లలో టార్పాలిన్ కప్పి, రవాణా పత్రాలతో పరవాడ ఫార్మాసిటీలోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి పంపాము, గోతిలో తోడిన నీటి పీపాలు కూడా అక్కడికే వెళ్ళాయి. మే నెలలో పరీక్షశాల వారు మళ్ళీ వచ్చి కొత్తగా తెరుచుకున్న గోడలు, అడుగు నుంచి ఐదు నమూనాలు తీశారు. వాటిలో అన్నిటికంటే ఎక్కువది 140. ఈ రెండో విడతకు జీఎస్టీతో 43,660 రూపాయలు అయ్యాయి, నివేదిక ఈసారి తొమ్మిదో రోజునే వచ్చింది. ఆ వారంలోనే గొయ్యి పూడ్చాము.

ఇంకా రెండు మాటలు ఈ సేవ గురించి చెప్పాలి. నివేదిక మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. స్థలం యజమాని అంకెలు చదవలేకపోతే, అతడు మళ్ళీ గుత్తేదారు మాట మీదనే ఆధారపడవలసి వస్తుంది. ఏ చోట ఎంత ఉంది, ఏ చోట తవ్వాలి అన్నది తెలుగులో ఒక్క పుట రాసి ఇవ్వడం వారికి కష్టమైన పని కాదని నేను చెప్పాను. రెండోది, 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. మా పని అంతకు ముందే ముగిసింది. ఇప్పుడు చేయించుకునేవారు, ఫలితాలను ఆ నియమాలతో కూడా పోల్చి చూపమని పని అప్పగించే ముందే రాతలో అడగాలి. ధర అడిగేటప్పుడే నమూనాలు తీసే చోట్ల పటం, ప్రతి అంశానికీ కనుగొనగల పరిమితి, మట్టికి ఎన్‌ఏబీఎల్ జాబితాలో ఆ అంశం ఉందో లేదో కూడా అడగాలి. ఈ మూడూ ఇవ్వలేనివారు ఎంత తక్కువకు చేస్తామన్నా వద్దనాలి. నివేదిక ఆలస్యమైతే రుసుములో ఎంత తగ్గిస్తారో కూడా రాయించుకోవాలి, నేను రాయించుకోలేదు.

వానలు వెలిశాక, అక్టోబరు చివరి వారంలో నూతి నీటిని మరోసారి పరీక్షించమని కోరాము. నీరు అప్పటికి తొమ్మిది అడుగులకు వచ్చి, పూడ్చిన గోతి అడుగు భాగమంతా నానుతున్న సమయం అది. మార్చిలో వచ్చిన అబ్బాయే ఒక్కడూ వచ్చాడు. నూతిలోకి సీసాను తాడుతో దించి, నీటి పైపొర నుంచి ఒకటి, రెండు గజాల లోతు నుంచి ఒకటి తీశాడు. నూనె ఉంటే పైపొరలోనే ఉంటుంది గనుక రెండింటినీ వేరువేరుగా చూడాలని వాళ్ళ మేడమ్ చెప్పారన్నాడు. పన్నెండో రోజున నివేదిక వచ్చింది. రెండు నమూనాల్లోనూ ఖనిజ తైలం 0.1 కంటే తక్కువ, బెంజీను 0.001 కంటే తక్కువ. దానితో పాటు తెలుగులో ఒక పుట ఉంది, అందులో రెండు అచ్చుతప్పులు కూడా ఉన్నాయి. దాని నకళ్ళు నాలుగు తీయించి, ఆ నూతి నీళ్ళు తాగే నాలుగిళ్ళకూ ఇచ్చాను.